ముందే తెలిసిన ఖర్చు

ఆర్థిక శాఖలో నా వెనక నన్ను ఇనప్పెట్టె అంటారు. ఆ సంగతి నాకు తెలుసు, అందుకు కోపం కూడా లేదు. ప్రభుత్వం ఏటా బడ్జెట్లోంచి తీసి పక్కన పెట్టే అనుకోని ఖర్చుల నిధిలోంచి పైసా కదలాలన్నా పదకొండేళ్లుగా నా బల్ల దాటి పోవాల్సిందే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారిని నేనే. మంత్రులు సరేనన్న ఫైళ్లు కూడా నా దగ్గర ఆగిపోయేవి. ఆ నిధి నిండుగా ఉంటేనే ప్రభుత్వానికి తక్కువ వడ్డీకి అప్పు పుడుతుంది. అడిగిన ప్రతివాడికీ పంచిపెడితే నిజంగా ఆపద వచ్చిననాడు ఖాళీ చేతులు చూపించాలి. ఇదంతా నిజమేనని ఇప్పటికీ అంటాను.

మా అన్నయ్య జలాశయం ఇంజనీరు. ఊరికి ఎగువనున్న ఆనకట్టకు ఆరు గేట్లు. మూడో గేటును ఎత్తే ఇనుప తాడు పోగులు తెగుతున్నాయని మూడేళ్లు వరసగా రాశాడు. ఈ ఏడు ఆగింది కదా, వచ్చే ఏడూ ఆగుతుందని ఏటా అదే జవాబు. తాడు మారిస్తే ప్రారంభోత్సవం ఉండదు, రిబ్బనుండదు, ఫొటో ఉండదు. అందుకని ఖర్చులు తగ్గించాల్సి వచ్చినప్పుడల్లా కత్తెర ముందు మరమ్మతుల మీదే పడేది.

కిందటేడు ఒకరోజు వాళ్లింటికి భోజనానికి వెళ్తే అన్నయ్య మళ్లీ ఆ తాడు సంగతే ఎత్తాడు. ఈయన నిద్రలో కూడా గేట్లు ఎత్తుతున్నాడని వదిన వేళాకోళం చేసింది. నాకు మాత్రం జాలేసింది. బడ్జెట్‌తో పాటు ఏటా మేమొక జాబితా అచ్చు వేస్తాం. పన్నుల రాబడి పడిపోవడం, మేం పూచీపడ్డ సంస్థలు అప్పు ఎగ్గొట్టడం లాంటివి, ఖజానా మీదికి రాగల ప్రమాదాలన్నీ అందులో ఉంటాయి. ఆ ఏటి జాబితాలో పద్నాలుగో వరసలో మూడో గేటును నేనే చేర్చాను. పుస్తకం తీసుకెళ్లి చూపిస్తే అన్నయ్య కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. ఇక పని అయినట్టే అనుకున్నాడు. జాబితాలో చేరినంత మాత్రాన డబ్బు రాదని తెలిసీ నేను ఆ మాట అనలేదు. ఆయన సంతోషం చూసి నాకూ సంతోషమేసింది.

ఈ ఏడు వానలకు ఆరు వారాల ముందు తాడు మరీ పాడైంది. నిధిలోంచి నలభై లక్షలు ఇప్పించమని అన్నయ్య ఫైలు పంపాడు. నిధిలో వందల కోట్లున్నాయి. కానీ ముందుగా ఊహించని ఖర్చుకే అందులోంచి ఇవ్వాలి, అది నిబంధన. మూడో గేటు ఊహించని ఖర్చెలా అవుతుంది? మూడేళ్ల ఉత్తరాలున్నాయి. పైగా మా పుస్తకంలోనే ఉంది, నేను చేర్చిందే.

మీ అన్నయ్యగారి ఫైలు కదా, వేరేవాళ్లకి ఇస్తానని కార్యదర్శిగారు మర్యాదగానే అన్నారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. నాకు అన్నయినా ఒకటే, పరాయివాడైనా ఒకటేనని అందరికీ చూపించాలనిపించింది. ఫైలు నేనే తీసుకున్నాను. "ఇది ముందే తెలిసిన ఖర్చు. ఈ నిధికి అర్హత లేదు. వచ్చే బడ్జెట్లో పరిశీలించవచ్చు" అని రాశాను. ఆ రోజు అక్షరాలు కూడా ముత్యాల్లా కుదిరాయి.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు.

"నేను ముందే చెప్పకుండా ఉంటే ఇచ్చేవాళ్లా?"

నిబంధన అలా ఉందన్నాను. సరేనమ్మా అని పెట్టేశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టనందుకు నాకే ఆయన మీద కోపమొచ్చింది.

వానలు పది రోజులు ముందే వచ్చాయి. మూడో గేటు సగం లేచి ఆగిపోయింది. గేట్లు నడిపే పెద్దాయన అన్నయ్య దగ్గర ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. చేత్తో తిప్పి ఎత్తుదామని ఆయన చక్రం పట్టుకున్నాడు. తాడు తెగింది. చక్రం వెనక్కి గిర్రున తిరిగి కుడిచేతిని నలిపేసింది. పోయే దారి చాలక నీళ్లు పక్క కట్టను తెంచుకుని దిగువనున్న నాలుగు వీధులను ముంచేశాయి.

మర్నాడు పదకొండింటికి వరద సాయానికీ కట్ట మరమ్మతుకీ ఫైలొచ్చింది. కట్ట తెగడం ఎవరూ ఊహించనిది, కాబట్టి అర్హత ఉంది. తొంభై కోట్లు. రెండింటికల్లా ఐదు సంతకాలు పడ్డాయి, ఒకటి నాది. ఎక్కడా ఒక్క ప్రశ్న రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం. కాలినవి మాత్రం మా చేతులు కావు.

మంజూరు కాగితం నకలు పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. ఆ కాగితం చూపిస్తే ఏమవుతుందనుకున్నానో నాకే తెలియదు. వార్డు బయట బెంచీ మీద, పెద్దాయన చెప్పులు పక్కన పెట్టుకుని అన్నయ్య కూర్చున్నాడు. మోచేతి దాకా తీసేశారని చెప్పాడు. నాకు ఏడుపు ఆగలేదు. తప్పు నాదే, ఆ మూడు ముక్కలూ రాసింది నేనేనన్నాను. నువ్వు ఉన్న నిబంధనే రాశావన్నాడు. కాగితం చదివి, మడిచి, నా చేతిలో పెట్టాడు. ఏదో ఒకటి మాట్లాడాలని మిగతా గేట్లు ఎలా ఉన్నాయని అడిగాను.

"ఇంకొకటి బాగాలేదు."

"ఏది? ఇవాళే రాసి పంపు అన్నయ్యా. నేను దగ్గరుండి చూస్తాను."

"రాయను."

దెప్పుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. అదేం లేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క లోపాన్నీ దాచని మనిషి ఆయన.

"పోనీ రాయొద్దు. నాకు నోటితో చెప్పు, చాలు."

అన్నయ్య నా తల మీద చెయ్యి వేశాడు.

"నీకు చెబితే నీకు తెలిసిపోతుంది కదమ్మా. అప్పుడిక నువ్వు ఇవ్వలేవు."