ఆవుల వరుసలో అచోమ్

ఆవు మంద నుంచి విడిగా నిలబడి తల వాల్చితే జబ్బు. ఆడది చేట ముందు కూర్చుని తల వాల్చితే బద్ధకం. ఈ తీర్పు మొదట చెప్పినది ఎవరు? జీవితమంతా బడిలో పిల్లలకు ప్రశ్నలు వేసి జవాబులు రాబట్టినదాన్ని. ఈ ఒక్క ప్రశ్నకు మా ఇంట్లో గాని, మా వంశపు పెద్దల కూటమిలో గాని, పదవీ విరమణ తర్వాత నేను తెప్పించుకుని చదివిన పుస్తకాలలో గాని ఇంతవరకు జవాబు దొరకలేదు.

ఆ ఉదయం నా కోడలు అచోమ్ రాగులు చెరుగుతూ చేటలోకే ఒరిగిపోయింది. లేపి కూర్చోబెడితే చెంపకు గింజలు అంటుకుని ఉన్నాయి. అప్పుడే పశువుల దొడ్డి నుంచి వచ్చిన నా భర్త ఎసుంగెట్ కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి చూశాడు.

"చూడు టీచరమ్మా, నీ కోడలికి చేట కూడా పరుపే. రేపు పొయ్యిలో తల పెట్టి పడుకుంటుందేమో, ముద్ద కుండ కాస్త పక్కకు జరపమను."

నా కొడుకు ఒమోడింగ్ నవ్వాడు. తన భార్య చెంప మీది గింజలను చూసి నవ్వాడు.

ఎసుంగెట్‌కు చూపు లేదని నేను అనను. ఆ చూపు ఎంత సూక్ష్మమైనదో నాకు తెలుసు. కిందటి నెలలో ఎర్రావు నీళ్ల దగ్గరకు అందరికంటే వెనక నడిచిందని గమనించినవాడు అతడే. వెంట్రుక నిగ్గు తగ్గిందన్నాడు, కనురెప్ప తిప్పి లోపలి రంగు చూశాడు, భుజం ముందు గడ్డను వేళ్లతో తడిమి "ఈగ కాటు" అని తేల్చాడు. పొద్దు వాలేలోగా పశువైద్యుడు ఒలుకా వచ్చి సూది వేశాడు. ఆ సాయంత్రం కుండ చుట్టూ కూర్చున్న మగవాళ్లు పొడుగాటి గొట్టాలతో అజోన్ అనే రాగుల కల్లు పీలుస్తూ ఎసుంగెట్ కంటిని పొగిడారు. ఆ కుండకు వేడినీళ్లు అందిస్తున్నది అచోమ్. వానలు మొదలైనప్పటి నుంచి ఆమెకు జ్వరం వచ్చి పోతూనే ఉంది. మెడ వెనక బొబ్బర గింజంత గడ్డలు తేలాయి. ఆ సూక్ష్మమైన చూపు ఆమె మీదుగా కుండ వరకు వెళ్లి ఆగిపోయింది.

ఆమెను ఆ ఈగ ఎక్కడ కుట్టిందో నేను చెప్పగలను. సర్కారు వాళ్లు సెట్సీ ఈగలను చంపడానికి మందు పట్టించిన నీలం గుడ్డలు ఇచ్చారు. నీలం రంగుకు ఈగ వస్తుంది, వాలుతుంది, చస్తుంది. ఆ గుడ్డలు ఎక్కడ కట్టాలో నిర్ణయించిన సంఘంలో అందరూ మగవాళ్లే. అన్నింటినీ పశువులు నీళ్లు తాగే రేవులో కట్టారు. ఆడవాళ్లు మోకాళ్ల లోతు దిగి నీళ్లు ముంచుకునే చోట, చెట్ల నీడ దట్టంగా ఉండే మలుపులో, ఒక్కటీ కట్టలేదు. నేను సంఘం ముందుకు వెళ్లి అడిగాను. సంఘానికి పెద్ద నా భర్తే. "ఆడవాళ్లకు చేతులున్నాయి, తోలుకుంటారు. ఆవుకు చేతులేవీ?" అన్నాడు. అందరూ నవ్వారు. తల మీద ఒక బిందె, చంకన ఒక బిడ్డ, చేతిలో ఇంకో బిందె ఉన్న మనిషికి ఎన్ని చేతులు ఖాళీగా ఉంటాయో ఆ నవ్వినవాళ్లలో ఒక్కరు లెక్కవేసి ఉంటే నేను ఈ కథ రాయవలసిన పని ఉండేది కాదు.

ఊరి ఆరోగ్య కేంద్రానికి అచోమ్‌ను నేనే తీసుకెళ్లాను. మలేరియా మాత్రలిచ్చారు. తగ్గకపోతే మళ్లీ అవే ఇచ్చారు. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్దామంటే "కోతలయ్యాక" అన్నాడు ఎసుంగెట్. ఈలోగా ఆమె రాత్రంతా మేలుకుని పగలంతా తూగేది. ఎప్పుడూ ఎదురు చెప్పని పిల్ల ఒకరోజు తెడ్డు విసిరికొట్టింది. ఆ తెడ్డుతో మాటలకు కొత్త బలం వచ్చింది. మొదట సోమరి అన్నారు, తర్వాత పొగరు అన్నారు, చివరికి పిచ్చి అన్నారు. "ఎంతకని భరించనమ్మా? నాకూ ఒక వయసుంది" అన్నాడు నా కొడుకు. అతడు భరించినది ఏమిటా అని ఆలోచించాను. చల్లారిన ముద్ద, ఆలస్యంగా వచ్చిన నీళ్లు. అంతకు మించి నాకేమీ తోచలేదు. పెద్దలు కూర్చుని తేల్చారు: పశువులకు మందు కొట్టే రోజు అయిపోగానే అచోమ్‌ను పుట్టింట దింపి, ఆమె కోసం కన్యాశుల్కంగా ఇచ్చిన ఆరు ఆవులనూ తిరిగి అడగాలి. నన్ను ఆ కూటమికి పిలవలేదు. పిలవక్కర్లేదన్నారు, ఆవులు నావి కావు గదా.

ఆ ఆవులు తిరిగొస్తే వచ్చేవేమో. అచోమ్ మాత్రం పుట్టింటి అరుగు మీద నిద్రలోనే పోయేది. ఆ ఈగ తెచ్చే నిద్రజబ్బుకు మందు పడకపోతే ఏమవుతుందో నేను చదివాను.

మందు కొట్టే రోజు తెల్లవారుతూనే ఆమె పక్కన కూర్చున్నాను. "ఒలుకా దగ్గర సూక్ష్మదర్శిని ఉంటుంది. ఈగ ఎక్కించే పురుగుల కోసం ఆవుల నెత్తురు చూస్తాడు. నిన్నూ అక్కడికి తీసుకెళ్దామనుకుంటున్నా. ఊరంతా ఉంటుంది. నీకు సిగ్గుగా ఉంటే వద్దులే."

అచోమ్ చాలాసేపు నా ముఖం చూసింది. మాట కూడదీసుకోవడానికి ఆమెకు అంత సమయం పట్టేది. "నా గురించి ఎప్పుడు మాట్లాడినా ఆవుల లెక్కలోనే కదత్తయ్యా మాట్లాడేది. పదండి. పలుపుతాడు మాత్రం కట్టకండి."

మేమిద్దరం నవ్వాము. తరువాత ఆమె నా భుజం పట్టుకుని లేచింది.

కర్రలతో కట్టిన ఇరుకు దారిలో ఆవులు వరుసగా నిలబడ్డాయి. ఈ ఈగ ఎక్కువగా కాళ్ల మీదా పొట్ట కిందా కుడుతుంది కనుక మందు అక్కడ కొడితే చాలు. అక్కడ కొట్టాలంటే వంగాలి, తన్నులు తప్పించుకోవాలి, పేడలో కూర్చోవాలి. అందుకే ఆ పని ఆడవాళ్లది. మగవాళ్లు తాళ్లు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటారు. సంఘం లెక్కలో మందు కొట్టినవాళ్లు వాళ్లే. నేను భుజాన నా మందు పంపుతో, ఒక చేత్తో అచోమ్‌ను పట్టుకుని వెళ్లి, ఎర్రావు వెనక ఆమెను నిలబెట్టాను.

తాళ్లు పట్టుకున్నవాళ్లలో ఎవడో అరిచాడు: "ఏం టీచరమ్మా, కోడలు పాలు తగ్గించిందా?"

"నోరు మూసుకోరా. నీ ఎక్కాలు నాకింకా గుర్తున్నాయి" అన్నాను.

ఒలుకా కూడా నా దగ్గర చదువుకున్నవాడే. ఇబ్బందిగా లేచి నిలబడ్డాడు. "టీచర్ గారూ, నేను పశువుల డాక్టర్ని. మనుషుల నెత్తురు నేను చూడకూడదండీ."

"ఈ పిల్ల కోసం మా ఇంటి నుంచి ఆరు ఆవులు వెళ్లాయి. ఆ ఆరింటినీ తోలుకొస్తే చూస్తావు. వాటి బదులు వచ్చిన ఒక్కదాన్ని చూడవా? మందు నిన్ను ఇమ్మనడం లేదు. కొత్త సూది తీసి ఒక్క చుక్క చూడు, ఏముందో చెప్పు."

ఎసుంగెట్ వరుస దాటుకుని వచ్చాడు. "పరువు తీస్తున్నావు. ఇంటికి నడు."

నేను కదలలేదు. కదలనిది నేనొక్కదాన్నే కాదు. అచోమ్ తనంతట తానే వేలు చాపింది.

ఒలుకా అద్దంలోకి వంగాడు. లేవలేదు. మళ్లీ సరిచేసి చూశాడు. లేచినప్పుడు అతని గొంతులో ఇబ్బంది పోయింది. "పురుగులున్నాయండీ. పాముపిల్లల్లా కదులుతున్నాయి, కణాలను తోసుకుంటూ. ఈ తూగు చూస్తే తలలోకి ఎక్కినట్టే ఉంది. ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్లాలి. నా జీపులో తీసుకెళ్తాను."

అది విని నా భర్త అన్న మాట నేను అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "సరే, మందు కొట్టడం కానియ్యండి. సాయంత్రం వెళ్దురుగాని. ఇన్నాళ్లు ఆగింది, పూట ఆగలేదా?"

భుజం మీది పంపు దింపి పేడలో పెట్టాను. "ఈ పిల్ల జీపెక్కేదాకా ఒక్క ఆవు కాలు తడవదు, ఒమోడింగ్ నాన్నా. ఆడవాళ్ల నీళ్లరేవులో నీలం గుడ్డలు కట్టేదాకా రేపూ తడవదు. తొందరగా ఉంటే మీరే వంగి కొట్టుకోండి."

నా వెనక ఇంకో పంపు నేలను తాకిన చప్పుడు వినిపించింది. తరువాత మరొకటి. నేను తిరిగి చూడలేదు. ఏ పంపు ఎవరిదో చప్పుడును బట్టే తెలుస్తోంది. మగవాళ్లు ఆవుల కాళ్ల వైపు చూశారు, ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. ఒక్కడూ వంగలేదు. వంగడానికి మనసొప్పని ఆ మగతనమే ఆ రోజు జీపును కదిలించింది. అచోమ్ పక్కన నేనెక్కాను. ఒమోడింగ్ అడ్డు రాలేదు, వెంటా రాలేదు.

పెద్దాసుపత్రిలో ఆమె వెన్నులోంచి నీరు తీశారు, సూదులు వేశారు. ఒక వారం ఆమె నన్ను గుర్తుపట్టలేదు. ఆ తర్వాత ఒకరోజు నా చెయ్యి పట్టుకుని "అత్తయ్యా, ఇక్కడ నీళ్లెవరు తెస్తారు?" అని అడిగింది. గొట్టంలో వస్తాయని చెప్పాను. నమ్మనట్టు చూసి పడుకుంది. ఎసుంగెట్ ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడి, కలుపు పెరిగిపోతోంది, ఎప్పుడు పంపుతారని అడిగాడు. ఎప్పుడు వస్తుందో, అసలు మీ ఇంటికే వస్తుందో లేదో ఆమె చెబుతుంది, ఆమె లేచాక అడగమని చెప్పి తలుపు దగ్గరగా వేశాను. ఇంతకాలం మా ఇల్లు అన్నదాన్ని ఆ రోజు మీ ఇల్లు అన్నాను. అతను గమనించాడు.

ఇది చదువుతున్న మీరు పుస్తకం పక్కన పెట్టి లేవండి. మీ ఇంట్లో పని మధ్యలో కునుకుతున్న ఆడమనిషి ఎవరో మీకు తెలుసు. ఆమె దగ్గరకు వెళ్లండి. లేపకండి, నవ్వకండి. నుదుటి మీద చెయ్యి వేసి చూడండి. ఆమె కళ్లు తెరిచాక, ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడగండి. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా ఇంకో పని చెప్పకండి.