చెరొకటి

వెంకటేశ్వర్‌రావు ఇంట్లో జంటగా ఉన్న ఏ వస్తువూ జంటగా మిగలలేదు. కొడుకులిద్దరికీ పంపకాలు చేసిన ఏడు ఆయన పెట్టిన పద్ధతి ఒక్కటే: పెద్దోడు పంచాలె, చిన్నోడు కోరుకోవాలె. ఆ లెక్కన గంగాళాలు చెరొకటి వెళ్లాయి, పందిరి మంచాలు చెరొకటి వెళ్లాయి. ఆఖరికి రోలు పెద్ద కొడుకు విద్యాధర్‌కు, రోకలి చిన్న కొడుకు నరేశ్‌కు వచ్చాయి. అదేంది మామా అని పెద్ద కోడలు దేవకి అడిగితే, రెండు వస్తువులే గదా అన్నాడు ముసలాయన.

కరీంనగర్ ఇల్లు, రోలు దేవకి వాళ్లకు మిగిలాయి. హుజూరాబాద్ పొలం, పొలం పక్క ఇల్లు, రోకలి చిన్న కోడలు మధులిక వాళ్లకు వెళ్లాయి. ఆనాటి నుంచి దేవకి మిక్సీలోనే పచ్చడి నూరుతూ, ఈ కథను మాత్రం ఏ పెళ్లికి వెళితే ఆ పెళ్లి బంతిలో చెబుతూ వచ్చింది. అందరూ నవ్వేవారు. నవ్వు రాని భాగం ఆమె చెప్పేది కాదు. ఒకే పొయ్యి దగ్గర ఏళ్ల తరబడి వండి, అత్తగారి ముందు కనుబొమ్మలతోనే మాట్లాడుకున్న తోడికోడళ్లిద్దరు ఇప్పుడు పండుగకు పండుగకు ఫోన్ చేసి ‘అందరు మంచిగున్నరా’ అని పలకరించుకునే చుట్టాలయ్యారు.

దేవకి ఇంట్లోకి కుక్కలు రావడానికి కారణం కోతులు. పొద్దున్నే మంద దిగేది. జామకాయలు తెంపేది, నీళ్ల ట్యాంకు మూత తీసి స్నానాలు చేసేది, ఆరేసిన వడియాలను రుచి చూసి నచ్చనివి పారేసేది. కుక్కపిల్లను తెచ్చి పెంచుకుందాం అన్నాడు విద్యాధర్. అది పెరిగేలోపు ఇల్లు కోతుల పేరు మీద రాయించుకోవాల్సి వస్తుందని దేవకి అన్నది గానీ, నౌషీన్ దగ్గరికి వెళ్లింది మాత్రం తనే.

నౌషీన్ వాళ్ల బాపుకు ఊరి చివర టింబర్ డిపో ఉంది. దాని వెనక షెడ్డులో ఆ పిల్ల రోడ్ల మీద దొరికిన కుక్కలను సాకుతుంది. దేవకి కుక్కపిల్లల బుట్ట దగ్గర వంగి చూస్తుండగా, మూలన దుంగల మీద పడుకున్న రెండు పెద్ద కుక్కలు కనిపించాయి. ఒకటి నల్లగా దూడంత ఉంది. రెండోది ఎర్రగా, దాంట్లో సగం ఉంది. బెల్లంపల్లిలో గని పని నుంచి రిటైరై క్వార్టర్ ఖాళీ చేసిన ఒకాయన వదిలి వెళ్లాడట. తాళం వేసిన తలుపు ముందు నుంచి కదలకుండా పడుకుంటే, పక్క క్వార్టర్ వాళ్లు నౌషీన్‌కు ఫోన్ చేశారట. నల్లవాడి పేరు బొగ్గు. ఎర్రదాని పేరు సైరన్. పేర్లు పెట్టింది కూడా ఆయనే.

“పిల్లల్ని అందరు తీస్కపోతరు ఆంటీ,” అన్నది నౌషీన్. “వీళ్లను ఎవ్వరు అడగరు. అడిగినా ఒక్కదాన్నే అడుగుతరు. నేనియ్య.”

ఎందుకు ఇయ్యదో చెప్పకుండా రెండు గిన్నెల్లో అన్నం పెట్టింది. సైరన్ తిన్నది. బొగ్గు తన గిన్నె ముందే కూర్చుని, సైరన్ గిన్నె నాకి పక్కకు జరిగేదాకా మూతి పెట్టలేదు. తర్వాత వాడు తింటుంటే సైరన్ వాడికి వీపు ఆనించి కూర్చుని, వచ్చిన ప్రతి కుక్కనూ కసురుకున్నది. దేవకి చూస్తూ నిలబడిపోయింది. ఎక్కడో చూసినట్టే ఉంది, ఎక్కడో గుర్తు రాలేదు. ఇద్దరినీ విడదీయనని మాట ఇవ్వమన్నది నౌషీన్. దేవకి బొగ్గు తల మీద చెయ్యి పెట్టి మాట ఇచ్చింది. పెళ్లిలో కూడా ఆమె అంత గట్టిగా మాట ఇవ్వలేదు. అక్కడ ఇచ్చింది వాళ్ల బాపు.

కోతుల పీడ వారంలో వదిలింది. సైరన్ మొరిగేది. ఆ అరుపు విని బొగ్గు లేచి నిలబడేవాడు. వాడు చేసే పని అంతే, నిలబడడం. ఆ నిలబడడం చూసి మంద పక్క వీధి దారి పట్టేది. తాగినప్పుడల్లా జరిగిపోయే నీళ్ల గిన్నెతో వేగలేక దేవకి రోటిని కడిగి వాకిట్లో పెట్టి, నిండా నీళ్లు పోసింది. సైరన్ ముందు తాగేది, బొగ్గు తర్వాత.

అప్పుడే వెంకటేశ్వర్‌రావు వంతు వచ్చింది. పంపకంలో ఆయన కూడా భాగమే, ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ. తండ్రిని దింపడానికి నరేశ్, మధులిక బండిలో వచ్చారు. అన్నాలయ్యాక వరండాలో కూర్చుని, అడవిపందులు మక్క చేనును దున్నిపెట్టి పోతున్నాయని నరేశ్ గోడు వెళ్లబోసుకున్నాడు. ముసలాయన వాకిట్లోకి చూశాడు.

“రెండున్నయ్ గదా,” అన్నాడు. “పెద్దోడా, పంచు.”

విద్యాధర్ జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాడు. హక్కుల పాఠం బాగా చెబుతాడని పేరు. బాపు మాట వినగానే లేచి, నల్లది, ఎర్రది, ఏది గావాలె అని తమ్ముణ్ని అడిగాడు. నల్లదానికే ఆకారం ఉంది, అదే ఇయ్యమన్నాడు నరేశ్.

అప్పటిదాకా తమలపాకులకు సున్నం రాస్తున్న మధులిక తలెత్తింది.

“అక్కా, అవి జోడి అంటివి గదా ఫోన్ల. విడదియ్యద్దన్నరంటివి.”

అందరూ దేవకి వైపు తిరిగారు. ఒక్క మాట సరిపోయేది: వద్దు. ఆ మాట తర్వాత ఏం వస్తుందో కూడా దేవకికి తెలుసు. పట్నంల ఇల్లు మీకొచ్చింది, ఒక కుక్కను ఇయ్యలేరా అని ముసలాయన అంటాడు. అది విన్న నరేశ్ మొహం మాడుతుంది. పాత లెక్కలన్నీ లేస్తాయి. ఇట్లా ఇరుకున పడినప్పుడు ఆమెకు చిన్నప్పటి నుంచి ఒకటే దారి తెలుసు.

“జోడి అయితే మాత్రం ఏంది మధూ. మనింట్ల రోలు రోకలినే విడదీసిన్రు. కుక్కలెంత.”

ముందు ముసలాయనే నవ్వాడు. ఆయనను చూసి కొడుకులు నవ్వారు. మధులిక నవ్వలేదు, మళ్లీ ఆకులకు సున్నం రాయడంలో పడింది. నవ్వులు ఆగేసరికి బొగ్గు మెడలో తాడు పడింది. వాడు ఎవరు ఎటు లాగితే అటు వెళ్లే రకం. బండి కదిలాక సైరన్ మొరుగుతూ గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు మీదికి వెళుతుందేమోనని గేటు వేసింది దేవకే.

హుజూరాబాద్ నుంచి కబుర్లు ముసలాయన ఫోన్‌కు వచ్చేవి. పందులు మక్క తింటుంటే బొగ్గు గట్టు మీద పడుకుని చూస్తున్నాడట. మొరగడట, లేవడట. అది కుక్క కాదు, ఫోటో అన్నాడట నరేశ్. దేవకికి నవ్వు రాలేదు. వాణ్ని లేపే అరుపు ఇక్కడ ఉండిపోయింది మరి.

ఇక్కడ సైరన్ మొరిగేది, మొరిగి వెనక్కి చూసేది. వెనక ఎవరూ లేచేవారు కాదు. ఈ సంగతి ఇంట్లోవాళ్లకంటే ముందు కోతులకు తెలిసింది. కొన్నాళ్లకు అది వెనక్కి చూడడం మానేసింది. ఆ తర్వాత మొరగడం కూడా మానేసి, మెట్ల కింద చోటు చూసుకున్నది. కోతులు దాని ముందే కూర్చుని జామకాయలు తినేవి.

నౌషీన్ అప్పుడప్పుడు ఫోటో పెట్టమనేది. మొదటి నెలలో తీసినవి ఉన్నాయి. ఇద్దరూ రోటి దగ్గర, ఇద్దరూ జామచెట్టు కింద. దేవకి వాటిని పొదుపుగా, ఒక్కొక్కటే పంపేది. మీ జామచెట్టు ఎండాకాలం కూడా కాస్తదా ఆంటీ అని ఆ పిల్ల ఒకసారి అడిగింది. మంచి జాతి అని జవాబు పెట్టింది దేవకి. పెట్టి, ఫోన్‌ను బియ్యం డబ్బా మీద బోర్లించి, చాలాసేపు దాని వైపు చూడలేదు. పండక్కి షీర్ ఖుర్మా తీసుకుని వస్తానంటే, తాము ఊళ్లో ఉండటం లేదని అబద్ధం చెప్పింది.

బొగ్గును తిరిగి అడుగుదామని విద్యాధర్‌తో అన్నది. వాటాకు పోయినదాన్ని అడిగే ఆనవాయితీ మనింట్లో లేదన్నాడు. ఆ మాట పక్క గదిలో ఉన్న ముసలాయనకు వినపడాలన్నట్టు కొంచెం గట్టిగానే అన్నాడు.

పండుగ కాని ఒక మధ్యాహ్నం మధులిక ఫోన్ చేసింది.

“అక్కా, వస్తున్న. దాన్ని తీస్కొని.”

ఏమైందని అడిగితే, తింటలేదు అన్నది. మా మరిది ఏమన్నడు అంటే, అడిగితే గదా అనడానికి అన్నది. అత్తగారి కాలం నాటి ఆ గొంతు దేవకి చాన్నాళ్ల తర్వాత విన్నది.

ట్రాలీ ఆటో ఇంటి ముందు ఆగింది. వెనక బొగ్గు పడుకుని ఉన్నాడు, పక్కటెముకలు తేలి ఉన్నాయి. వాడి పక్కనే పొడవుగా రోకలి. ఎట్లాగూ కిరాయి ఇస్తున్న గదా అన్నది మధులిక. కుక్కను లోపలికి పట్టుకొస్తున్న కోడళ్లను వరండాలోంచి ముసలాయన చూశాడు, పేపరు మడతపెట్టుకుని లోపలికి వెళ్లాడు. ఇంత తేలికా ఈ పని, అనిపించింది దేవకికి. తేలిక అని తెలియడమే ఎక్కువ బాధ పెట్టింది.

మెట్ల కింది నుంచి సైరన్ వచ్చింది. సైరన్ బొగ్గు మూతి వాసన చూసింది, చెవి వాసన చూసింది. బొగ్గు తోక ఒకసారి ఊపాడు, దారిన పోయే ఎవరికైనా ఊపినట్టే. తర్వాత సైరన్ మెట్ల కిందికి వెళ్లిపోయింది. బొగ్గు గేటు దగ్గర నీడ వెతుక్కున్నాడు.

జర ఆగుదాం, కొత్త గదా అన్నది మధులిక. రెండు గిన్నెల్లో అన్నం పెట్టారు. బొగ్గు ఎవరి కోసం ఆగకుండా గబగబా తినేశాడు. సైరన్ తన గిన్నెను మూతితో మెట్ల కిందికి నెట్టుకుని, అందరికీ వీపు చూపి తిన్నది. కోతులు గోడ మీద వచ్చి కూర్చున్నాయి. ఎవరూ మొరగలేదు, ఎవరూ లేవలేదు.

దేవకి చాయ్ పెట్టింది. మధులిక వంటింటి గడప బయటే నిలబడి, కప్పులు యాడున్నయ్ అక్కా అని అడిగింది. ఆ అల్మారాలో కప్పులు సర్దింది ఒకప్పుడు ఆమే. దేవకి చోటు చెప్పింది. రోకలి గోడకు ఆనించి ఉంది. రోట్లో నాచు పట్టి, నీళ్ల మీద ఒక జామాకు తేలుతోంది.

ఫోన్ మోగింది. నౌషీన్ మెసేజ్: ఎట్లున్నరు ఆంటీ ఇద్దరు? ఒక ఫోటో పెట్టుండ్రి.

పాతవి ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. దేవకి వాటిని చూసి, ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. రోటి దగ్గర నిలబడితే తెర మీదికి సైరన్ ఒక్కతే వచ్చింది. పక్కకు జరిగితే బొగ్గు ఒక్కడే వచ్చాడు. వెనక్కి నడిచింది, ఇంకా నడిచింది. గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లి నిలబడితే గానీ ఇద్దరూ ఒక ఫోటోలో పట్టలేదు.

కింద ఏదైనా రాయాలని చూసింది. ఒక జోకు తట్టింది కూడా. దాన్ని రాయకుండా, ఆ ఫోటోనే పంపింది.