ఎవరూ వినని గొంతు

కళ్ళద్దాల దుకాణంలో మొదట అంతా సవ్యంగానే జరిగింది. కౌంటరు వెనకున్న మనిషి ఆమె ముఖంలోకి ఒకటికి రెండుసార్లు చూశాడు, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు, కుర్చీ తుడిచి మరీ వేశాడు. "వానమ్మాయి గారు కదండీ?" అన్నాడు. ఆమె నవ్వింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. "అవునండీ, దగ్గరి చూపుకి అద్దాలు కావాలి" అని నోరు తెరిచింది. అంతే, ఆ మనిషి ముఖంలో వెలుగు సగానికి సగం దిగిపోయింది. "ఓహో, చూడ్డానికి అచ్చం ఆవిడలా ఉంటేనూ, పొరబడ్డాను" అని, అక్షరాల చార్టు చదివించే పనిలో పడ్డాడు.

ఆమెకిది కొత్త కాదు. బ్యాంకులోనూ ఇదే, దంతవైద్యుడి దగ్గరా ఇదే. నోరు మూసుకున్నంతసేపు ఆమె ఆమే. మాట్లాడితే ఇంకెవరో.

వానమ్మాయి అన్నది జనం పెట్టిన పేరు. ఒకప్పుడు ఆమె నటించిన ప్రతి సినిమాలోనూ వానలో ఒక పాట ఉండి తీరేది. నమ్మకం నిర్మాతలది, జలుబు ఆమెది. నలభై ఆరేళ్ళు వచ్చినా ఆ పేరు ఆమెను వదల్లేదు. అయితే ఆ సినిమాల్లో ఒక్కదానిలోనూ ఆమె గొంతు లేదు. మొదటి సినిమాకే నిర్మాత తేల్చేశాడు, ముఖం బాగుంది గానీ గొంతు గరుకు అని. ఇంకెవరితోనో డబ్బింగ్ చెప్పించారు. సినిమా ఆడింది. ఇక ఆ ముఖానికి ఆ గొంతే ఖాయమైపోయింది. ఆ తియ్యటి గొంతు ఎవరిదో ఆమె ఏనాడూ అడగలేదు, పరిచయం చేయాలని ఎవరికీ తోచనూ లేదు. ఆమె షూటింగు చేసి పోయేది. నెలల తర్వాత ఎవరో ఒకావిడ చీకటి గదిలో కూర్చుని మాటలు చెప్పి పోయేది. ఒకరి ముఖం ఒకరు చూసుకునే పనే లేదు.

పెళ్ళయిన కొత్తలో భర్త కూడా మొహమాటం లేకుండా అడిగాడు, "సినిమాలోలా మాట్లాడొచ్చు కదా" అని. పాపం, ఆయన ఇద్దరిని కలిపి పెళ్ళాడాననుకున్నాడు. ఇంటికి వచ్చింది ఒక్కతే. పదహారేళ్ళపాటు ఆ లోటు ఆయన మనసులోంచి పోలేదు, పైకి అననూ లేదు. చివరికి కాగితాల మీద సంతకాలు పెట్టి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆమెది మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. ఒక గదిలో మంచం, ఒక గదిలో టీవీ, రెంటికీ మధ్య తలుపు ఎందుకుందో ఆమెకే అర్థం కాదు. ఆదివారం ఆదివారం వదిన ఫోన్ చేస్తుంది. మిగతా రోజుల్లో ఒక్క మాటా పైకి అనకుండా పొద్దు వాలిపోవడం మామూలే. అలాంటి సాయంత్రాలు ఆమె లిఫ్టులోకి వచ్చి, లోపల ఎవరూ లేకపోయినా, "మూడో అంతస్తు" అని పైకి అనేది. గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి కదా మరి.

సీరియల్ అవకాశం వచ్చినప్పుడు ఆమె దేనికీ బెట్టు చేయలేదు. హీరో తల్లి వేషం. ఆ హీరోకు ముప్పై ఎనిమిదేళ్ళు, అంటే లెక్క ప్రకారం ఆమె ఎనిమిదో ఏట కనుండాలి. సరే అంది. జుట్టుకు తెల్లరంగు వేయాలన్నారు, సరే అంది. పేర్లు పడేటప్పుడు నాలుగో పేరుగా వేస్తామన్నారు, దానికీ సరే అంది. ఒక్కటే అడిగింది. "డబ్బింగ్ నేనే చెప్పుకుంటాను."

డైరెక్టర్ తల గోక్కున్నాడు. "మాదేముంది మేడమ్, చానల్ వాళ్ళు ఒప్పుకోవాలి. మొదటి ఎపిసోడ్ మీరే చెప్పండి. వాళ్ళు విని ఓకే అంటే మీదే."

వానమ్మాయికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వేషం ఆమెకు గొప్ప కాదు. ఒక్కసారైనా తన ముఖంతోపాటు తన మాట కూడా నలుగురి ఇళ్ళలోకి వెళ్ళాలి. అప్పుడైనా కళ్ళద్దాల దుకాణంవాడు, 'అవును, ఈవిడే' అంటాడు. ఆమె కోరిక అంతే.

షూటింగు ఏ ఇబ్బందీ లేకుండా సాగింది. కెమెరా పక్కన ప్రాంప్టర్ నిలబడి డైలాగు ముక్క అందిస్తాడు, ఆమె దాన్ని అందుకుని భావం కలిపి అంటుంది. పాత రోజుల నుంచీ అలవాటైన పద్ధతే. కథ అంతా డబ్బింగ్ థియేటర్లో అడ్డం తిరిగింది.

అదొక చిన్న చీకటి గది. గోడలకు మెత్తటి తొడుగు, ఎదురుగా తెర, ముందు మైకు. తెర మీద ఆమె ముఖమే, ఆమె పెదవులే. చెవుల్లో హెడ్‌ఫోన్. ఎర్రలైటు వెలగగానే పెదవితోపాటు మాట మొదలుపెట్టాలి. ఆమె మొదలుపెట్టలేదు. మళ్ళీ వేశారు, మళ్ళీ వెనకబడింది.

"మేడమ్, మీ పెదవి మిమ్మల్ని వదిలేసి వెళ్ళిపోతోంది" అన్నాడు అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజనీరు.

ఎందుకు ఆలస్యమవుతోందో మధ్యాహ్నానికి ఆమెకే తెలిసింది. ప్రాంప్టర్ అందిస్తాడని ఎదురుచూస్తోంది. ఆ గదిలో ప్రాంప్టర్ లేడని తెలుసు, డైలాగులన్నీ నోటికి వచ్చు, అయినా లోపల ఏదో చెవి ఒగ్గి కూర్చుంది. ఇన్నేళ్ళూ ఎవరో అందిస్తే అంది, ఇంకెవరో ఆ మాట పూర్తిచేస్తే బతికింది. తనంతట తాను మొదలుపెట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. సాయంత్రానికి ఎలాగో ఎపిసోడ్ పూర్తయింది గానీ, కుట్లు ఊడిన బట్టలా ఉంది.

చానల్ మనిషి విన్నాడు. మర్యాదస్తుడు, కాబట్టి ఆలస్యాల ఊసెత్తలేదు. "గొంతులో అనుభవం ఉందండీ. కానీ ముఖానికి అతకడం లేదు. జనానికి మీరంటే ఆ గొంతే. ఆవిడ ఇంకా ఉన్నారట, పిలిపిస్తున్నాం" అన్నాడు. తన గొంతు తన ముఖానికి అతకదని మరో మనిషి తీర్పు చెప్తుంటే ఆమె తల ఊపింది. ఏడుపు వచ్చింది గానీ ఆ రోజు షూటింగుకు వేసిన మేకప్ ఇంకా తీయలేదు.

మర్నాడు ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి, అరవై దాటి ఉంటుంది, భుజాన సంచీలో వేడినీళ్ళ ఫ్లాస్కు. స్టూడియోలో అందరికీ డబ్బింగక్క. వానమ్మాయి లేచి నిలబడింది. నమస్కారం పెట్టాలో కావలించుకోవాలో తెలియలేదు. ఒకరి నోట్లో ఒకరు అన్నేళ్ళు కాపురమున్న ఇద్దరు ఆడవాళ్ళు మొదటిసారి ఎదురుపడితే ఏం చేయాలో ఎవరూ నియమం పెట్టలేదు.

"కూర్చో అమ్మాయ్, బాగా చిక్కిపోయావు" అంది అక్క, నిన్ననే విడిపోయినట్టు.

"నేను మీకు తెలుసా అక్కా?"

"అదేం మాట? నాకు తెలిసినంతగా నువ్వు ఇంకెవరికి తెలుసు? షూటింగులో మైకులో రికార్డయిన నీ అసలు మాటలన్నీ ముందు నాకే కదా వినిపించేది. అవి విన్నాకే నేను చెప్పేదాన్ని. నీకు జలుబు చేసిందీ, ఆకలేసిందీ, ఎవరిమీదనో కోపమొచ్చిందీ అన్నీ చెవుల్లో పడేవి." ఫ్లాస్కు మూత తిప్పింది. "ఆ అక్కాచెల్లెళ్ళు విడిపోయే సీను గుర్తుందా? జనం హాల్లో వెక్కివెక్కి ఏడ్చారే."

"గుర్తుంది."

"అందులో నువ్వు అన్నది అంకెలు."

వానమ్మాయికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు డైలాగు కాగితాలు సెట్‌కు అందలేదు. 'ఒకటి, రెండు అని చెప్పుకుంటూ ఏడ్చెయ్, మాటలు తర్వాత పెట్టుకుందాం' అన్నాడు డైరెక్టర్. ఆమె అలాగే ఏడ్చింది.

"ఇరవై ఏడు దగ్గర నీ గొంతు పూడుకుపోయింది" అంది అక్క. "నేను కూడా మాట అక్కడే ఆపాను. ఎవరి కోసం ఏడ్చావో గానీ, ఆ అంకెలు విని ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను."

ఆ వేళ తను ఎవరి కోసమూ ఏడవలేదని, పొద్దుటి నుంచి తనను ఎవరూ పలకరించలేదని, అందుకే ఏడుపు వచ్చిందని వానమ్మాయి చెప్పలేదు. తన మాట ఎవరూ వినలేదన్న బాధతో ఇన్నేళ్ళు గడిపింది. విన్న మనిషి ఇక్కడే ఉందని ఇప్పుడు తెలిసింది. సంతోషంకన్నా దుఃఖమే ఎక్కువ కలిగింది, ఎన్నేళ్ళు పోయాయో అని.

అక్క మైకు ముందు కూర్చుంది. ఎర్రలైటు వెలిగింది. పెదవి కదిలిన క్షణానే మాట మొదలైంది, ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. కానీ ఆ తేనె ఎటుపోయిందో, గొంతులో వయసు వచ్చి కూర్చుంది. పైకి పోవలసినచోట జీరపోయింది. అక్క ఆగి, వేడినీళ్ళు తాగి, మళ్ళీ చెప్పింది. అద్దం అవతల చానల్ మనిషి తల అడ్డంగా ఆడించడం ఇద్దరూ చూశారు.

"నా గొంతు కూడా నా గొంతులా లేదంటున్నాడు" అంది అక్క, నవ్వుతూనే. ఫ్లాస్కు సంచీలో పెట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి వానమ్మాయి ఫోన్ నంబరు అడిగి తీసుకుంది.

రెండు రోజుల్లో చానల్ వాళ్ళు ఓ అమ్మాయిని పట్టుకొచ్చారు. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ ఆ సినిమాలు చూస్తూ ఆ గొంతును అనుకరించి బహుమతులు తెచ్చుకుందట. అచ్చు గుద్దినట్టు దింపేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక ముఖం, ఆ ముఖానిది కాని గొంతు, ఆ గొంతుకు నకలు. చానల్‌కు ఇంతకన్నా ఏం కావాలి.

"మీ ఇష్టం మేడమ్. వద్దనుకుంటే ఈ వేషానికి ఇంకో ఇద్దరు కాచుకుని ఉన్నారు" అన్నాడు డైరెక్టర్. బెదిరింపు కాదు, నిజమే చెప్పాడు. ఆమె ఇంటికి పోయి రెండు గదుల మధ్య తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. మానేస్తే మళ్ళీ ఆ లిఫ్టు, ఆ ఆదివారాలు. సెట్‌లో కనీసం టీ తాగారా అని అడిగేవాళ్ళున్నారు. చేస్తానని ఫోన్ చేసి చెప్పింది.

మొదటి ఎపిసోడ్ వచ్చే సాయంత్రం అన్నయ్యా వదినా ఇంటికి రమ్మన్నారు. తలనొప్పి అని తప్పించుకుంది. ఒక్కతే టీవీ ముందు కూర్చుంది. తెర మీద తెల్లజుట్టు తల్లి నోరు తెరిచింది, లోపల్నుంచి పాతికేళ్ళ పిల్ల పలికింది. ప్రకటనలు రాగానే వదిన ఫోన్.

"ఏం మాట్లాడావమ్మా, అచ్చం మునుపటిలాగే ఉంది. మీ అన్నయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఫోన్లో ఎందుకలా ఉంటుందో గానీ, టీవీలో మాత్రం నీ గొంతే గొంతు."

"థాంక్స్ వదినా" అంది ఆమె. పెట్టేసింది. ఇంత ఒంటరితనం భర్త వెళ్ళిపోయిన రోజు కూడా లేదనిపించింది. మళ్ళీ ఫోన్ మోగితే వదినే అనుకుని వెంటనే ఎత్తలేదు. ఆగకుండా మోగుతుంటే చివరికి ఎత్తింది. డబ్బింగక్క.

"చూస్తున్నావా?"

"చూస్తున్నా అక్కా."

"టీవీ సౌండ్ తీసెయ్. నేనూ తీసేశాను. నువ్వు చెప్పు, నేను వింటాను."

"నాకు రాదక్కా. వెనకబడతాను."

"వెనకబడు. ఎవరు చూడొచ్చారు?"

ప్రకటనలు అయిపోయాయి. రిమోట్ తీసుకుని సౌండ్ తీసేసింది. ఆమె తెర వైపు చూస్తూ ఫోన్‌లోకి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి మాట ఆలస్యమైంది, రెండోదీ ఆలస్యమైంది. కొడుకుతో గొడవపడే సీనులో ఒక డైలాగు మరిచిపోయి ఏదో అనేసింది. అక్క ఊ కొట్టింది తప్ప సరిదిద్దలేదు. చివరి సీనులో కొడుకు గడప దాటి వెళ్ళిపోయాడు. తల్లి గుమ్మంలో నిలబడింది. సీరియల్ కదా, కెమెరా ఆ ముఖాన్ని ముందు నుంచి, పక్క నుంచి, మళ్ళీ ముందు నుంచి చూపించింది. తల్లికి మాటల్లేవు. పెదవి కదలలేదు.

"ఒక్కదాన్నే ఉండాలంటే నాకు భయంగా ఉంది" అంది వానమ్మాయి.

తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. ఫోన్‌లో అక్క ఊపిరి వినిపిస్తోంది.

"ఆ మాట డైలాగులో ఉందా?" అని అడిగింది అక్క.

"లేదక్కా."

"అదొక్కటే ఆలస్యం కాలేదు."

ఆమె చెంపలు తుడుచుకుంది. ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.

"రేపు కూడా ఫోన్ చేస్తారా అక్కా?" అంది చివరికి.

"చేస్తాను. వారానికి ఐదు రోజులొస్తుందట కదా ఇది" అంది అక్క.