బెల్టు తీసేసిన రోజు

మా వంటగదిని ఆనుకుని చిన్న గది ఒకటి ఉంది. అందులో డబ్బాలూ బస్తాలూ సర్దుకుందామని నేను, ఇనుము కోసే మిల్లింగ్ మిషన్ పెట్టుకుందామని ఆయన. ఎవరు నెగ్గారో వేరే చెప్పాలా? డబ్బాలు మంచాల కిందికి దూరాయి. మిషన్ మహారాణిలా లోపలికొచ్చి కూర్చుంది.

ఫ్యాక్టరీలో పొద్దస్తమానం ఇనుము కోసి, ఇంటికొచ్చి మళ్ళీ ఇనుమే కోసేవారు మావారు. కుట్టుమిషన్ పళ్ళచక్రం, గేటు మడతబందు, చక్రాల కుర్చీ ఇరుసు, వీధిలో ఏది అరిగినా మా గుమ్మంలోకే వచ్చేది. "నీ సవతి కులాసాయేనా?" అని పక్కింటావిడ వేళాకోళం. "దానికేం, నాకంటే దాన్నే బాగా చూసుకుంటారు" అనేదాన్ని. నోరు అలా ఆడేది గానీ, దానికి నూనె పోసింది నేను, ఇనుప రజను ఊడ్చింది నేను. కోత నున్నగా సాగుతోందో, మొరాయిస్తోందో పొయ్యి దగ్గర నుంచే చప్పుడుబట్టి చెప్పేసేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకు కోపం నషాళానికి అంటేది. మిషన్ నెత్తిన ఒక నట్టు ఉంటుంది. కట్టర్ బిగించాలంటే దాన్ని పానాతో తిప్పాలి, తిప్పిన మరుక్షణం పానా తీసెయ్యాలి. తియ్యకుండా స్విచ్ వేశారా, ఆ పానా ఎగిరి ఎవరి తల పగలగొడుతుందో దేవుడికే తెలియాలి. మా అమ్మాయి పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి పానా నట్టు మీదే వదిలి పక్కకు తిరిగింది. చాలా రోజులు దాన్ని ఆ గది గడప తొక్కనివ్వలేదు ఆయన.

తర్వాత మతిమరుపు మొదలైంది. ముందు కళ్ళజోడు, ఆ పైన మా వీధి మలుపు, ఆ పైన కన్నకూతురి పేరు. డాక్టరు ఆ జబ్బుకు ఏదో పేరు చెప్పాడు. ఆ పేరు నా నోట పలకను. ఎందుకంటే మిషన్ ముందు నిలబడితే ఆయన ఎప్పటి మనిషే. "చూడవే, వెంట్రుకవాసి తేడా రాలేదు" అంటూ ఆయన చేసిన ముక్కలు అమ్మాయికి చూపించి గొప్పలు పోయేదాన్ని. నాకు మిగిలిన ధైర్యం అదొక్కటే.

ఒకరోజు పొద్దున టీ గ్లాసు పట్టుకుని ఆ గదిలోకి వెళ్తున్నాను. ఆయన స్విచ్ వేశారు. ఫెడేల్మని పానా ఎగిరొచ్చి నా చెవి పక్కన ద్వారబంధానికి తగిలి చెక్క లేచిపోయింది. గ్లాసు నా చేతిలోంచి జారింది. ఆయన కింద పడ్డ పానాను చూసి, "ఎవరే దీన్ని ఇక్కడ పారేసింది? బుద్ధుందా మీకు?" అని నా మీదే ఎగిరారు.

కబురు తెలిసి అమ్మాయి ఉన్నపళంగా వచ్చేసింది.

"అమ్మా, మిషన్ ఎవరికైనా ఇచ్చేద్దాం. ఇవాళ తలుపు, రేపు నాన్న తల."

"మిషన్ పోతే ఆ మనిషే పోతాడే."

"అయితే చూస్తూ ఊరుకుంటావా?"

"బెల్టు తీసేస్తా" అన్నాను. మిషన్ మూత కింద, మోటారు పుల్లీకీ పై పుల్లీకీ మధ్య ఉండే రబ్బరు బెల్టు అది. తీసేస్తే మోటారు తిరుగుతుంది, కట్టర్ కదలదు. ఎవరికీ దెబ్బ తగలదు.

"పిచ్చిదానివా? నాన్న మూత తెరవగానే కనిపెట్టేస్తారు."

"కనిపెట్టనీ. కనిపెట్టి నన్ను నాలుగు దులిపారా, నా మనిషి ఇంకా నాకున్నట్టే. బెల్టు ఆయన చేతికే ఇచ్చి, ఇకమీదట పక్కనే నిలబడి పానా నేను తీస్తా. కనిపెట్టలేదా, అప్పుడు నువ్వు చెప్పినట్టే చేద్దాం."

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు మోటారు బోల్టు వదులు చేసి, బెల్టు తప్పించి, నా చీరల కింద దాచాను.

మర్నాడు ఆయన స్విచ్ వేశారు. మోటారు గుర్రుమంది. కట్టర్ కదల్లేదు. ఆపి, మళ్ళీ వేశారు. మూత తెరిచిన చప్పుడైంది. ఇంకేముంది, పడతాయి అక్షింతలు అనుకున్నాను. తిట్ల కోసం అంత ఆశగా ఎదురుచూసిన ఆడది లోకంలో ఉండదేమో. తిట్టండి బాబూ, తిట్టండి, అని లోపల మొత్తుకుంటున్నాను.

ఎంతకీ కేక వినిపించలేదు. వెళ్ళి చూస్తే, ఆయన టార్చి వేసి లోపలికి తొంగి చూస్తున్నారు. పుల్లీలు రెండూ బోసిగా ఉన్నాయి. గాడి లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పి, వేలికంటిన మసి గుడ్డకు తుడుచుకున్నారు.

"మోటారు బానే ఉంది. ఇవీ బానే ఉన్నాయి. ఎందుకు తిరగట్లేదంటావ్?"

"సరిగ్గా చూడండి."

"చూస్తున్నాగా."

"ఆ రెండింటికీ మధ్య ఏముండాలి?"

ఆయన చాలాసేపు చూశారు. చప్పుడుబట్టే నట్టు లూజయిందని చెప్పే మనిషి, పెళ్ళినాటి నుంచి నేను చూసిన ఆ మనిషి, టార్చి దగ్గరగా పెట్టి మరీ చూశారు. "మధ్యలోనా? మధ్యలో ఏముంటుందే, ఖాళీ" అని నవ్వారు.

నేను పరుగున వెళ్ళి బెల్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "నేనే తీశాను. నేనే దాచాను. మీకు చెప్పకుండా మీ మిషన్ మీద చెయ్యి వేశాను. ఒక్క మాటైనా అనండి!"

ఆయన దాన్ని అటూ ఇటూ సాగదీసి చూశారు. పొందిగ్గా చుట్టి మళ్ళీ నాకే ఇచ్చారు. "ఇది మన మిషన్‌ది కాదే. ఎవరో మర్చిపోయుంటారు. వస్తే ఇచ్చెయ్."

అప్పుడు నా మొహం చూశారు. గాభరాపడి, మసి చేతులు గబగబా చొక్కాకు తుడుచుకుని, నా భుజం పట్టుకున్నారు.

"ఇంతదానికే ఏడుస్తారా ఎవరైనా? మిషనన్నాక పాడవుతుంది. నేను లేనూ? బాగుచేస్తాగా" అన్నారు.

కొంగు నోట్లో కుక్కుకుని తలూపాను.