వెండి జూలు పిల్ల

బకెట్టు నీళ్లలో రెండు చుక్కల నీలిమందు కలిపి, చేత్తో గిలకొట్టి, ఆ నీళ్లను మగ్గుతో కొద్దికొద్దిగా పిల్లగుర్రం జూలు మీద పోస్తున్నాడు లొట్టల తాత. మొదటిసారి సబ్బు, రెండోసారి మంచినీళ్లు, మూడోసారి నీలి. తెల్లచొక్కాలకు పెట్టే నీలిమందే. రెండు చుక్కలైతే జూలు వెండిలా మెరుస్తుంది. మూడో చుక్క పడిందా, ఊదారంగు తిరిగి నలుగురిలో నవ్వులపాలవుతుంది. నలభై ఏళ్లలో ఆ మూడో చుక్క ఒక్కసారే పడింది. అప్పుడు ఆ గుర్రానికి జ్వరమని చెప్పి వారం రోజులు ఎవరి కంటా పడకుండా లోపలే కట్టేశారు.

తాత మనిషి పొట్టి. కాళ్లు కొంచెం వంకర. కుడి బొటనవేలికి గోరు లేదు, ఎప్పుడో ఒక కోపిష్టి మగగుర్రం కొరికేసింది. చొక్కా ఉతికినా, మార్చినా, చేతుల మీద నాలుగు గుర్రపు వెంట్రుకలు అతుక్కునే ఉంటాయి. గుర్రాన్ని పిలవడానికి నాలుకను అంగిటికి కొట్టి టక్కుమని చప్పుడు చేస్తాడు. కొత్తగా పనిలో చేరినవాళ్లు అది విని, ముసలాయన ఏదో కమ్మగా తింటున్నాడనుకునేవారు. అలా వచ్చిన పేరది. అతను కోప్పడలేదు. కోప్పడితే మాత్రం పేరు మారుతుందా?

పిల్లగుర్రానికి పద్నాలుగు నెలలు. ఒళ్లంతా ముదురు చాక్లెట్ రంగు, తొడల మీద బొత్తాలంత లేత మచ్చలు, జూలూ తోకా మాత్రం వెండి. వెయ్యి గుర్రాల్లో ఒకటి కూడా ఉండదు ఆ రంగు. కళ్లు చాలా పెద్దవి, కొంచెం ముందుకు పొంగినట్టుంటాయి. చూడవచ్చిన వాళ్లంతా ముందు జూలును పొగిడి, తర్వాత ఆ కళ్లనే పొగిడేవారు. ఆ కళ్లకు వెలుగూ నీడా తప్ప మరేమీ తెలియదన్న సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు తాత, రెండోవారు తాత పెళ్లాం.

ఈ మధ్యాహ్నం దాన్ని కొనడానికి ఎవరో ఒకావిడ వస్తోంది. ఆ కబురు తెలిసి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ తాతకు సరిగా నిద్రలేదు.

"నా నీలిమందు సీసా మళ్లీ మాయం," అంటూ వచ్చింది పెళ్లాం, ఒక చేత్తో టీ గ్లాసు, చంకలో తడి దుప్పటి. గుర్రాల దుప్పట్లు ఉతకడం ఆమె పని.

"రెండు చుక్కలేగా వాడింది."

"రోజూ రెండు చుక్కలే! ఈ లాయంలో ఏ గుర్రానికి ఎక్కడ మచ్చ ఉందో కళ్లు మూసుకుని చెప్తావు. నా జుట్టు ఎప్పుడు నెరిసిందో చెప్పు చూద్దాం."

తాత నిజంగానే ఆలోచించాడు. "ఆ మధ్య."

"ఆ మధ్యట! పదిహేనేళ్లయింది మహానుభావా." టీ చేతికిచ్చి, ఆమె పిల్ల మెడ మీద చెయ్యి వేసింది. అది ఉలిక్కిపడి, వాసన పట్టి, ఊరుకుంది. ఆమె గొంతు తగ్గించింది. "చెప్పావా అయ్యగారికి?"

"చెబితే ఏం చేస్తారో తెలుసుగా. సూది వేయించి చంపించేస్తారు."

"చెప్పకపోతే?"

"ఆవిడ మంచిదైతే బాగానే చూసుకుంటుంది."

"మంచిదైతే చాలా? దానికి కావాల్సింది నీ లొట్టలు. ఆవిడ వేస్తుందా లొట్టలు?"

తాత టీ తాగాడు. అందులో చక్కెర ఉందో లేదో అతనికి తెలియలేదు.

ఆ రంగు పిచ్చి ఇప్పటిది కాదు. ఈ లాయం పెట్టిన పెద్దయ్యగారిది. ఎక్కడో ఒక వెండి జూలు మగగుర్రాన్ని చూసి, మనసు పారేసుకుని, ఉన్నదంతా ఊడ్చి దాన్ని తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి ఆ ఒక్క రంగు పిల్లల కోసమే గుర్రాలను జత కట్టించడం. అయితే ఆయనకు ఒక కట్టుబాటు ఉండేది. వెండిని ఎప్పుడూ నల్లదానికే కట్టాలి, వెండిని వెండికి కట్టకూడదు. నల్లదానికి కడితే పుట్టినవాటిలో సగం మామూలు రంగువే వచ్చేవి. వాటిని బళ్లకూ సవారీలకూ అమ్మేసేవారు. "సగం పోతే పోనీరా, పుట్టింది నాలుగు కాళ్లతో రెండు కళ్లతో ఉండాలి," అనేవాడాయన. వెండికి వెండి కడితే కొన్నిటికి కళ్లు చెడతాయని ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో ఎవరికీ తెలియదు. చెప్పినప్పుడు మాత్రం పక్కన నిలబడి విన్నది తాతే.

పెద్దయ్యగారు పోయాక కొడుకు వచ్చాడు. యాభై ఎనిమిదేళ్లు నిండినా అందరికీ చిన్నయ్యగారే. చెడ్డవాడు కాదు. ఓపిక లేనివాడు. సగం ఎందుకు పోవాలన్నాడు. రెండేళ్ల కిందట ఒక పొద్దున వెండి మగదాన్ని వెండి ఆడదానికి కట్టమన్నాడు. ఆడగుర్రం తాడు పట్టుకుని నిలబడ్డది తాత. చెప్పాలని నోరు తెరిచాడు కూడా. కానీ అది అప్పటికే ముప్పై ఎనిమిదేళ్లుగా 'అలాగేనయ్యా' అంటున్న నోరు. ఆ రోజూ అదే అంది.

పిల్ల పుట్టిన మూడో రోజు దాని కళ్ల ముందు చెయ్యి ఆడించాడు తాత. రెప్ప పడలేదు. ఐదో రోజు అది గోడకు పోయి గుద్దుకుంది. గడ్డిలో దాని పక్కనే కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. తప్పు తనదేనని అతనికి బాగా తెలుసు. తర్వాత లేచి నేర్పడం మొదలుపెట్టాడు. ఒక టక్కు అంటే రా. రెండంటే ఆగు. నెలలు తిరిగేసరికి ఆ పిల్ల అతని నాలుక వెనకే ఆవరణంతా తిరిగేది, ఎక్కడా తగలకుండా. టీకా వేయడానికి వచ్చిన పశువుల డాక్టరు కూడా కనిపెట్టలేకపోయాడు. "ఇంత బుద్ధిమంతురాలిని నేను చూళ్లేదు తాతా," అన్నాడు. తాత తల వంచుకుని పిల్ల తాడు సర్దాడు.

పదింటికి చిన్నయ్యగారు వచ్చాడు. ఎప్పటిలాగే లోపలికి అడుగు పెట్టలేదు, బూట్లకు పేడ అంటుతుందని. గుమ్మం దగ్గరే నిలబడి, దీపం వేయించి, జూలును అటు నుంచి ఇటు నుంచి చూశాడు.

"బాగా తోమావయ్యా. ఇవాళ ఇది కుదిరిందా, దీని తల్లిని ఈ వారంలోనే మళ్లీ అదే మగదానికి కట్టేద్దాం."

"అలాగేనయ్యా," అంది నోరు.

ఆయన వెళ్లిపోయాక తాత తన నోటిని తానే తిట్టుకున్నాడు. ఛీ, ఇదీ ఒక నోరేనా! మధ్యాహ్నం బోర్లించిన బకెట్టు మీద కూర్చుని అన్నం డబ్బా మూత తీశాడు. రెండు ముద్దలు దిగాయి, మూడోది దిగలేదు. మూత పెట్టేసి, చేతులు కడుక్కుని, పిల్ల తోక చిక్కులు తీయడానికి వెళ్లాడు. పాయలు పాయలుగా విడదీసి, కొస నుంచి పైకి దువ్వాలి. పై నుంచి దువ్వితే వెంట్రుకలు తెగుతాయి. ఆ పని చేస్తున్నంతసేపూ అతనికి కొంచెం నెమ్మదిగా ఉంది.

మూడింటికి వచ్చినావిడ పళ్ల డాక్టరు. యాభై దాటి ఉంటాయి, గలగలా మాట్లాడే మనిషి. పిసినారో గయ్యాళో వచ్చి ఉంటే తాత పని తేలికయ్యేది. ఈవిడ వచ్చీరాగానే నవ్వుతూ నమస్కారం పెట్టింది.

"ఏడేళ్లప్పుడు గుర్రం కావాలని మా నాన్న దగ్గర మంకుపట్టు పట్టానండీ. చెక్కగుర్రం కొనిచ్చి ఊరుకోబెట్టాడు. అప్పటి నుంచి చూస్తున్నా. గుర్రం కొనేటప్పుడు పళ్లు చూడాలంటారుగా, ఆ సంగతి నాకు వదిలెయ్యండి!"

చిన్నయ్యగారు నవ్వాడు. తాత పిల్లను ఎండలోకి తెచ్చాడు. ఆవిడ రెండడుగులు ముందుకు వచ్చింది. "అబ్బ, ఎంత బాగుంది! ఆ కళ్లు చూడండి, ఎంతేసి ఉన్నాయో," అంది.

తాత తాడు వదులుగా పట్టుకుని ఒక టక్కు వేశాడు. పిల్ల వచ్చింది. రెండు వేశాడు, ఆగింది. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తాడు ఆవిడ చేతికిమ్మని చిన్నయ్యగారు సైగ చేశాడు. ఇచ్చి, తాత కంచె దగ్గరికి జరిగాడు. కొత్త చెయ్యి కదా, పిల్ల కదలలేదు. తాత నోరు అలవాటుగా టక్కుమంది. పిల్ల అడుగు వేసింది.

"నాతో వచ్చేస్తోంది!" అంది ఆవిడ, మురిసిపోతూ. "చూడండి తాతగారూ, రేపటి నుంచి పొద్దున్నే ఇలాగే తీసుకెళ్తా. మా ఇంటి వెనక కాలవ గట్టుంది. సన్నటి దారే కానీ చల్లగా ఉంటుంది. గట్టు మీద నడుస్తుందంటారా?"

తాతకు ఆ గట్టు కళ్లకు కట్టినట్టు కనిపించింది. సన్నటి దారి, ఇటు నీళ్లు, అటు పల్లం. ముందు నడుస్తూ కబుర్లు చెప్పే ఈ మంచి మనిషి. వెనక పిల్ల.

అతను నాలుకను పళ్ల మధ్య గట్టిగా బిగించాడు.

ఇంకో రెండడుగులు వేసి పిల్ల ఆగిపోయింది. చెవులు రెండూ కంచె వైపు తిప్పింది. ఆవిడ తాడు లాగింది. కదలలేదు. ఎదురుగా పేడ ఎత్తే తోపుడుబండి ఉంది, పిల్ల మోకాళ్లకు జానెడు దూరంలో. ఆవిడ మళ్లీ లాగబోయింది.

"లాగకండమ్మా!" తాత గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "దానికి కళ్లు కనపడవు."



"ఏమయ్యా, మతి పోయిందా?" అన్నాడు చిన్నయ్యగారు.

"పుట్టుగుడ్డిదయ్యా. నా చప్పుడు విని నడుస్తుంది. నేనే నేర్పాను. మోసం నాది."

ఆవిడ పిల్ల ముందు వంగి, దాని కళ్ల దగ్గర వేళ్లు ఆడించి చూసింది. "అయ్యో తల్లీ," అంది. తర్వాత లేచి, తాడును యజమాని చేతిలో కాకుండా తాత చేతిలో పెట్టింది. "చెప్పకపోయి ఉంటే దీన్ని నేనే చంపుకునేదాన్ని," అని, కళ్లు తుడుచుకుంటూ కారు దగ్గరికి నడిచింది.

కారు వెళ్లేదాకా చిన్నయ్యగారు ఆగాడు. ముఖం కందిపోయింది. అరవలేదు. అరిచి ఉంటే తాతకు బాగుండేది.

"నలభై ఏళ్లు ఈ లాయంలో ఉండి, నా పరువు ఇలా తీస్తావా?"

"తీసింది ఇవాళ కాదయ్యా, రెండేళ్ల కింద. జత కట్టమన్నప్పుడు తాడు పట్టుకున్నది నేనే. మీ నాన్నగారు వద్దన్న జత అది. తెలిసీ నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పుతున్నా. తల్లిని మళ్లీ దానికి కట్టకండి."

"రేపు డాక్టరొస్తాడు. దీని సంగతి తేల్చేద్దాం."

"నాకిచ్చెయ్యండయ్యా."

"ఎక్కడ పెడతావు, నీ మంచం కిందా?"

"మా బావమరిదికి పూలమొక్కల తోట ఉంది. అందులో ఖాళీ షెడ్డుంది."

చిన్నయ్యగారు పిల్ల జూలు వైపు చూశాడు. ఎండలో అది ఇంకా మెరుస్తూనే ఉంది. "తీసుకుపో. నువ్వు కూడా మళ్లీ ఈ గేటు తొక్కకు."

"అలాగేనయ్యా," అన్నాడు తాత.

లాయం వెనక తమ గదికి వెళ్లేసరికి గుమ్మంలో రెండు మూటలు కట్టి ఉన్నాయి. పెళ్లాం వాటి మీదే కూర్చుని ఉంది.

"ఇప్పుడేగా నన్ను పొమ్మన్నది. ఇవెప్పుడు కట్టావు?"

"పొద్దున్నే. ఇన్నేళ్లు కాపురం చేశాను, ఆ మాత్రం తెలియదా? నువ్వు చెప్పకపోతే నేనే వచ్చి చెప్పేదాన్ని."

తాతకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. మూటలు రెండూ తనే ఎత్తుకోబోతే ఆమె ఒకటి లాక్కుంది. దారిలో ఎదురైన పనివాళ్లు ఏమనాలో తెలియక చేతులు ఊపారు. ఒకడు పరిగెత్తుకొచ్చి దాణా సంచి ఒకటి తాత భుజాన వేశాడు. రోడ్డు ఎక్కాక బళ్ల చప్పుడుకు పిల్ల బెదిరింది. తాత టక్కుమంటే సర్దుకుని నడిచింది.

"నాకూ నేర్పు," అంది పెళ్లాం. "నువ్వు ముందు పోతే దీని గతేంటి?"

"నాలుక పైకి ఆనించి కిందికి కొట్టాలి."

ఆమె కొట్టింది. చప్పుడు రాలేదు, తుంపర వచ్చింది. తాత నడిరోడ్డు మీద ఆగి పగలబడి నవ్వాడు. "నవ్వింది చాల్లే," అని ఆమె మళ్లీ మొదలుపెట్టింది. మలుపు తిరిగేదాకా ప్రయత్నిస్తూనే ఉంది. మలుపు తర్వాత లాయం గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు వాళ్లు ముగ్గురూ కనిపించలేదు.

పొద్దు వాలుతుండగా చిన్నయ్యగారు తనే వచ్చాడు, పిల్ల ఉండిన ఖాళీ కొట్టం తలుపు వేయడానికి. ఎందుకో తలుపు వేయకుండా లోపలికి నడిచాడు. బూటు పేడలో పడింది. చూసుకోలేదు.

గుమ్మం దగ్గర నుంచి చూస్తే కనిపించని మూలలో కప్పుకు దన్నుగా ఒక కొయ్య స్తంభం ఉంది. దాని చుట్టూ గోనెపట్టా మెత్తగా మడతలు వేసి తాడుతో కట్టి ఉంది. నీళ్లతొట్టి అంచుకూ అంతే, గడ్డి వేసే చెక్క మూలలకూ అంతే. స్తంభానికి ఒక్క కట్టు కాదు. అడుగున ఒకటి, ఆయన నడుము ఎత్తున, అప్పుడే పుట్టిన పిల్ల నుదురు తగిలే ఎత్తులో. ఆ గోనె నలిగి, అరిగి, పీచు తేలి ఉంది. దాని పైన మరొకటి. ఆ పైన ఇంకొకటి, దానికి వెండి వెంట్రుకలు రెండు అంటుకుని ఉన్నాయి. ఆయన ఒక్కో కట్టునూ కింది నుంచి పైకి చేత్తో తడిమాడు.

అన్నిటికన్నా పైన, తన తల ఎత్తున, పిల్ల తల ఇంకా అందని చోట, మడత నలగని కొత్త గోనెపట్టా ఒకటి గట్టిగా కట్టి ఉంది.