నిఖిల్‌కు నాలుగు

సాఫ్ట్‌వేర్ పడిపోయి యాభై నిమిషాలైంది. నలభై ఆస్పత్రుల మందుల నిల్వలు చూపాల్సిన తెర మీద ఒక్క అంకె కూడా లేదు. పేట్ బషీరాబాద్ ఆఫీసు మూడో అంతస్తులో ఫోన్లన్నీ ఒకేసారి మోగుతున్నాయి.

"నిఖిల్ ఏడి? గా కోడ్ ఆయన తప్ప ఎవలకు సమజ్ గాదు," అని అరిచాడు మేనేజర్ శేఖర్.

"ఫోన్ ఎత్తుతలేడు సార్. ట్రాఫిక్‌ల ఇరుక్కున్నడేమో," అన్నాడు నిఖిల్ పక్క సీట్లో కూర్చునే శ్రవణ్.

మూల సీట్లో క్లర్కు పద్మలత తల ఎత్తలేదు. తొమ్మిదిన్నరకు వెల్‌నెస్ ఫారం మూసుకుపోతుంది. నిద్ర పట్టిందా, ఈ రోజు ఎలా ఉన్నారు అని ప్రతి ఉద్యోగీ తనకు తానే ఐదుకు మార్కు వేసుకోవాలి. ఒక్కరిది ఖాళీగా ఉన్నా పైనుంచి ఫోన్ వస్తుంది. పనిలో పడి ఎవరూ నింపరు. "అందరిదీ నువ్వే నింపెయ్" అని రెండేళ్ల కింద శేఖర్ చెప్పాడు. అప్పట్నుంచి పదకొండు మంది క్షేమమూ ఆమె చేతిలోనే ఉంది.

నలభై ఒక్కేళ్ల పద్మలత ఆ ఆఫీసులో గొంతెత్తి మాట్లాడడం ఎవరూ వినలేదు. గండిమైసమ్మ నుంచి రెండు బస్సులు మారి అందరికన్నా ముందే వస్తుంది. కడుపులో మంట లేస్తే డ్రాయర్లోంచి మాత్ర తీసి చప్పరిస్తుంది. అందరికీ ఒకే మార్కు వేస్తే దొరికిపోతామని రోజూ మార్చి వేస్తుంది. తనకు మూడు. నవ్వుతూ తిరిగే నిఖిల్‌కు మాత్రం ఎప్పుడూ నాలుగు.

పోయిన వారం అతను టీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అక్కా, రేపు నాకు రెండు పెట్టరాదూ? నిద్ర పడ్తలేదు."

"రెండు పెడితే కౌన్సెలింగ్ అని గంట కూసోబెడ్తరు. నీకు గంట యాడ దొరుకుతది?"

"గదీ నిజమే," అని నవ్వేశాడు.

ఈ రోజూ నాలుగు వేసింది. నిద్ర పట్టిందా? అవును. నొక్కేసింది.

పది దాటాక శ్రవణ్‌కు ఫోన్ వచ్చింది. వింటూనే శేఖర్ వైపు తిరిగి చెప్పాడు. పొద్దున ఆరింటికి నిఖిల్ బాత్రూంలో పడిపోయాడట. ఆస్పత్రికి చేరేలోపే గుండె ఆగిపోయింది. పద్మలత మాత్ర కోసం డ్రాయరు తెరిచింది. తీయకుండానే మూసేసింది.

మధ్యాహ్నం శేఖర్, శ్రవణ్, పద్మలత ముగ్గురూ శామీర్‌పేటలోని అతని ఇంటికి వెళ్లారు. ఇంటి ముందు టెంటు. ఐస్ బాక్సు పక్కన నిఖిల్ భార్య నయన. అతని అన్న పరమేశ్ శేఖర్‌కు ఎదురొచ్చాడు.

"ముప్పై నాలుగేండ్లు సార్. ఏం పని జేయించిన్రు మా తమ్మునితోని?"

శేఖర్ తన ఫోన్లో నిఖిల్ వెల్‌నెస్ ఫారాలు తెరిచి చూపించాడు. "పని పరేషాన్ ఏం లేదన్నా. ఆయనే రాసుకుండు, చూడు. రోజూ ఐదుకు నాలుగు. నిద్ర మంచిగ పట్టిందట."

పరమేశ్ వేలితో జరుపుతూ ఆ అంకెలు చూశాడు. తర్వాత నయన వైపు తిరిగాడు.

"మరి ఇంట్లనే ఏమన్న అయిందా? రాత్రి ఏం లొల్లి పెట్టుకున్నవ్?"

కూర్చున్న ఆడవాళ్ల తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"నిద్ర యాడిది బావా? వారం సంది లాప్‌టాప్ ముంగటనే తెల్లారుతాంది," అంది నయన. ఎవరూ నమ్మలేదు. ఆమె లేచి వచ్చి ఫోన్ అందుకుంది. పై వరుస చదివింది. మళ్లీ చదివింది.

"ఇది ఇయ్యాల్టిది. తొమ్మిదీ ఇరవై తొమ్మిదికి రాసినట్టుంది. ఆరింటికి పోయిన మనిషి ఇదెట్ల రాసిండు సార్?"

శేఖర్ ఫోన్ వెనక్కి లాక్కున్నాడు. పద్మలత వైపు ఒక్క చూపు చూశాడు. నోరు తెరిస్తే రేపు ఆఫీసుకు రానక్కర్లేదని ఆ చూపు చెప్పింది.

ఐస్ బాక్సు అద్దం కింద నిఖిల్ కళ్లు పూర్తిగా మూతపడలేదు.

"ఎవలు రాసిన్రు?" అంది నయన.

"నేనే," అంది పద్మలత. టెంటు చివరిదాకా వినిపించింది. "నా పేరు పద్మలత. రోజూ నేనే రాసిన. రెండు పెట్టమని ఆయన అడిగిండు చెల్లె. నేనే నాలుగు పెట్టిన."