పని లేని పుల్ల

మూడు జతల బట్టలు, రెండు దుప్పట్లు, గోంగూర పచ్చడి సీసా, మోకాళ్ళ నొప్పుల నూనె. ఇరవయ్యేళ్ళ పిల్లకి మోకాళ్ళ నూనె ఎందుకని ఎవరూ అడగలేదు. బ్యాగు సర్దేటప్పుడు సుసన్నమ్మకి అడ్డు చెప్పకూడదని ఖతార్ దేశంలో అల్ ఖోర్ అనే ఊళ్ళోని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. సర్దుతుంది, తీస్తుంది, మళ్ళీ సర్దుతుంది. జిప్పు లాగడానికి మాత్రం చెయ్యి రాదు.

"అత్తయ్యగారూ, దోహా ఇక్కడికి గంట దూరమండి," అన్నాడు అల్లుడు సైలస్ కారు తాళాలు ఆడిస్తూ. "మీరేమో పిల్లని ఓడ ఎక్కిస్తున్నట్టు చేస్తున్నారు."

"గంటలో ఏమైనా అవ్వచ్చు నాయనా," అంది సుసన్నమ్మ.

మనవరాలు ప్రవల్లిక రెండేళ్ళుగా రోజూ తెల్లవారకుండానే బస్సెక్కి, దోహాలో ఒక చిన్న కాలేజీలో ఇంజనీరింగు మొదటి సగం చదివింది. రెండో సగం యూనివర్సిటీలో చదవాలి. సీటు ఇచ్చారు గానీ ఒక్క పేపరు దగ్గర పేచీ పెట్టారు. వంతెన మీద బరువు పడితే ఏ భాగం ఎంత మోస్తుందో చెప్పే పేపరు అది. చిన్న కాలేజీ మార్కులు సరిపోవన్నారు. తాను చేసిన నమూనా వంతెన తెచ్చి, దానికి బరువు కట్టి చూపించాలి. నిలబడితే ఈ సాయంత్రమే హాస్టల్లో చేరి మూడో ఏడాదిలో కూర్చుంటుంది. కూలితే ఏడాది వెనక్కి.

ఆ వంతెన మూరన్నర పొడుగు. అన్నీ సన్నటి కర్రపుల్లలు, జిగురు. "అట్టపెట్టెలో పెట్టి పైన గుడ్డ కప్పు అమ్మమ్మా, చాలు. ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్తా," అని చెప్పి పిల్ల స్నానానికి వెళ్ళింది.

గుడ్డ కప్పి ఊరుకుంటే సుసన్నమ్మ ఎందుకవుతుంది? గల్ఫ్ నుంచి ఊరికెళ్ళే పెట్టె ఎలా కడతారో ఆమెకి ఒకళ్ళు నేర్పక్కర్లేదు. నైలాను తాడు అడ్డంగా రెండు చుట్లు, నిలువుగా రెండు చుట్లు వేసి, అట్ట మీద మోకాలు ఆనించి బిగలాగి ముడి వేసింది. బడి గడప తొక్కకపోయినా పాటల పుస్తకం కూడబలుక్కుని తనకు తానే నేర్చుకున్న అక్షరాలతో, నాలుగు వైపులా పిల్ల పేరు, ఊరి పేరు, జిల్లా పేరు లావుపాటి పెన్నుతో రాసింది. బిగిస్తున్నప్పుడు లోపల చిటుక్కుమంది. అట్ట మడతేలే అనుకుంది.

యూనివర్సిటీలో పరీక్ష చేసే ఆయన హమీదుద్దీన్ గారిది కర్నూలు. పెట్టెని చూసి నవ్వాడు.

"ఎవురు కట్టినారమ్మా దీన్ని? ఇది విప్పేదానికే ఇంకో పరీక్ష పెట్టాల."

"మా అమ్మమ్మండి."

"ఏం పెద్దమ్మా, లోపల బంగారం పెట్టినావా ఏంది?"

కత్తెరతో తాడు తెంపారు. మూత తీశారు. వంతెన ఒక పక్కన నిలువు పుల్ల ఒకటి సగానికి విరిగి ఉంది.

సుసన్నమ్మ ముందుకొచ్చింది. "నేనే. మోకాలు పెట్టి బిగించాను," అంది. నలభై పుల్లల్ని ఒక్కొక్కటే అతికిన చేతులు మనవరాలివి. విరవడానికి తన మోకాలు ఒక్కటి చాలింది.

"పోనీలే," అన్నాడాయన మెత్తగా. "కొత్తది చేసుకొని వచ్చే టర్ముకి రా."

ప్రవల్లిక అమ్మమ్మ వైపు చూడలేదు. వంతెననే చూస్తోంది. "బరువు ఎక్కడ కడతారు సార్?"

"నడిమధ్యన, కింద."

పిల్ల కాగితం తీసి బొమ్మ గీసింది. పుల్ల పుల్లకీ బాణం గుర్తు పెట్టి ఏదో రాసుకుంటూ పోయింది. తరవాత పెన్సిలు పక్కన పెట్టి, విరిగిన రెండు ముక్కల్నీ పీకి బల్ల మీద పడేసింది.

"ఈ పుల్లకి ఇవాళ పని లేదు సార్. బరువు మధ్యలో ఉన్నంతసేపూ దీని మీద పడేది సున్నా."

"మరి పెట్టినావెందుకు?"

"వంతెన మీద బండి నడవాలి కదండి. బండి సరిగ్గా ఈ చోటికి వచ్చినప్పుడు మోసేది ఇదే."

ఆయన కాగితం చూశాడు. పిల్లని చూశాడు. "కూలితే నన్ను అనొద్దు," అంటూ ఇనప బిళ్ళలు తగిలించడం మొదలుపెట్టాడు. అయిదు కిలోలు. పది. పదిహేను. ఎక్కడో చిన్నగా కిర్రుమంది. ఇరవై.

వంతెన నిలబడింది.

సుసన్నమ్మ బల్ల మీదికి వంగి చూసింది. సముద్రం చీలి దారిచ్చిందని బైబిల్లో చదివినప్పుడు నమ్మింది. నమ్మడం వేరు, చూడడం వేరు. ఎత్తితే పావు కిలో లేని పుల్లల గూడు, బియ్యం మూటంత బరువుని గాలిలో పట్టుకుని ఉంది. అంతకంటే వింత, ఆ బల్ల మీద పడున్న కాగితం. నలభైటిలో ఏది లేకపోయినా తక్కినవి నిలబడతాయో, బరువు పడకముందే పెన్సిలుతో చెప్పిందీ పిల్ల. తను జడలు వేసిన పిల్ల. ఆ జడల కింద ఇదంతా ఎప్పుడు చేరింది?

"చేరిపోమ్మా," అన్నాడు హమీదుద్దీన్ గారు సంతకం పెడుతూ.

హాస్టలు గేటు దగ్గర సుసన్నమ్మ అడిగింది. "ఈ వంతెన ఎక్కడ కడతారే?"

"ఎక్కడైనా కట్టొచ్చు అమ్మమ్మా. ఏరుంటే చాలు. శుక్రవారం సెలవు కదా, గురువారం సాయంత్రం వచ్చేస్తా, మొహం అలా పెట్టకు."

సుసన్నమ్మ వంగి బ్యాగు జిప్పు తనే లాగింది.

తిరుగుదారిలో కారులో, తెగిన తాడు ఆమె ఒళ్ళోనే ఉంది. ఆమె భర్త సాలమన్ దోహా ఉద్యోగానికి బయలుదేరిన పొద్దున కూడా రేకుపెట్టెని ఇలాగే కట్టింది. ఊరి ముందు గోదావరి పాయకి వంతెన లేదు. పడవలో దాటాలి. వరద నీళ్ళలో పడవ మునిగింది. మూడో రోజున పెట్టె దిగువన ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ముడి జారలేదు.

ప్రవల్లిక చెప్పినట్టే గురువారం వచ్చింది. ఆ పై గురువారమూ వచ్చింది.

సాలమన్ తిరిగి రాలేదు. అతను పడవ ఎక్కింది 1991 జూలై ఇరవై రెండు, సోమవారం.